నాలుగింటికి వచ్చే స్కూటరు

ఆ ఆరు వారాలూ అరకులో కంప్యూటర్ ట్రైనింగులో ఉన్నానని మా ఆయనకు చెప్పాను. రెండువేల సంవత్సరం దాటిన కొత్త. అప్పట్లో గవర్నమెంటు ఉద్యోగులకు ఏదో ఒక ట్రైనింగు పడుతూనే ఉండేది కాబట్టి ఆయనకు అనుమానం రాలేదు. నిజానికి నేను వెళ్ళింది మాత్రలు మానడానికి.

నేను ఫార్మసిస్టుని. పాడేరు అవతల ఒక చిన్న ఆసుపత్రిలో అప్పటికి తొమ్మిదేళ్ళుగా మందులిస్తున్నాను. మా ఆయన విజయనగరంలో గుమాస్తా. శనివారం సాయంత్రం కొండెక్కి వచ్చి, సోమవారం మొదటి బస్సుకు దిగిపోయేవాడు. పిల్లలు లేరు. తొంభైల మధ్యలో నాకు కిడ్నీలో రాయి వచ్చింది. ఆ నొప్పికి డాక్టరు కాప్స్యూళ్ళు రాశాడు. రాయి పడిపోయింది, కాప్స్యూళ్ళు మాత్రం ఆగలేదు. మొదట పూటకొకటి. తర్వాత లేవగానే రెండు. వేసుకున్న అరగంటకు ఒళ్ళంతా వెచ్చబడి, ఎవరిమీదా కోపం లేకుండా పోయేది. మందుల బీరువా తాళం నా దగ్గరే ఉండేది, ఎవరినీ అడగాల్సిన పని లేదు. ఆదివారం ఆయన ఎదురుగానే టీతో పాటు మింగేదాన్ని.

"గ్యాస్‌కా?" అనేవాడు.

"గ్యాస్‌కే" అనేదాన్ని.

ఆసుపత్రికి కొత్తగా వచ్చిన డాక్టరు చిన్నవాడు. చెట్టుమీంచి పడి కాలు విరిగిన ఒక ముసలాయనకు నేను నొప్పి మాత్రలు లేవని చెప్పాను. రెండు రోజుల ముందే ఆ పెట్టె రావడం ఆ డాక్టరు చూశాడు. ముసలాయన్ని పంపించాక నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

"మేడమ్, రోజుకి ఎన్ని?" అన్నాడు.

ఏమిటని అడగలేదు, ఎందుకని అడగలేదు. అందుకే నాకూ అబద్ధం దొరకలేదు.

"పన్నెండు."

ఒక చీటీ మీద అరకులో ఒక డాక్టరమ్మ పేరు రాసిచ్చాడు. "వెళ్తే మెడికల్ లీవు ఇస్తాను. జబ్బేమిటో రాయను. వెళ్ళకపోతే మాత్రం పైకి రాయాలి" అన్నాడు. ఆ రోజే తాళం తీసుకుని నర్సుకిచ్చాడు.

ఆ డాక్టరమ్మ కొండ కింద టౌనులో, పెద్దాసుపత్రిలో మానసిక వైద్యం చేసి రిటైరైన మనిషి. అరకు ఊరి చివర రెండు గదులు, ఒక వరండా కట్టించుకుని, ఉద్యోగాలు చేసుకుంటూ మందులకు అలవాటు పడిన వాళ్ళను చూసేది. మంచాలు లేవు. పొద్దున తొమ్మిదికి వెళ్ళాలి, సాయంత్రం నాలుగింటికి వచ్చెయ్యాలి. "పట్టుకెళ్ళి లోపల పడేస్తే ఊరంతా తెలుస్తుంది. మీకు కావలసింది తెలియకుండా మానడం. కష్టమే, కానీ కుదురుతుంది" అంది మొదటిరోజు. తర్వాత ఒకటే షరతు పెట్టింది. ఇక్కడ విన్నది ఈ గేటు దాటకూడదు.

ఆ విడతలో ముగ్గురం. నేను, ఒక బ్యాంకు ఆఫీసరు, ఒక సైన్సు టీచరు.

బ్యాంకాయనది దగ్గు మందు. దగ్గు లేకుండానే రోజుకు నాలుగు సీసాలు తాగేవాడు. మెడనొప్పికి ఫిజియోథెరపీ అని మేనేజరుకు చెప్పి రోజూ రెండు గంటలు వచ్చి వెళ్ళేవాడు. ఆ అబద్ధం కోసం మెడకు పట్టీ వేసుకుని బజారంతా నడిచి వచ్చి, వరండాలో విప్పి మేకుకు తగిలించేవాడు. మాటకు ముందూ వెనకా 'అండీ' అనే నెమ్మదస్తుడు.

టీచరుది నిద్రమాత్ర. ఆమె అక్కడి ఆదివాసీ మనిషే, అరకుకు దగ్గర్లోని ఒక గూడెం. నా ఈడే. తండ్రి జబ్బుతో ఏడాది మంచాన పడి పోయాక, నిద్ర పట్టక మొదలుపెట్టిన మాత్ర నాలుగేళ్ళు సాగింది. పాఠం చెబుతూ బోర్డు దగ్గరే కునికిపాట్లు పడేదాన్నని నవ్వుతూ చెప్పేది. స్కూల్లో టైఫాయిడని చెప్పింది. ఇంట్లో మాత్రం అందరికీ తెలుసు.

మొదటి వారం నా ఒళ్ళు నా మాట వినలేదు. ఆవలింతలు, కళ్ళవెంట ముక్కువెంట నీళ్ళు, కాళ్ళలో ఎముకల్ని ఎవరో మెలిపెడుతున్నట్టు పీకులు. డాక్టరమ్మ చేతిలో పోసే మాత్రలు ఆ బాధను సగమే తగ్గించేవి. మధ్యాహ్నం వరండాలో చాపమీద ముడుచుకు పడుకుంటే ఆ టీచరే వచ్చి నా పిక్కలు పిసికింది. "ఓర్సుకో అక్కా, నాలుగో నాటికి తగ్గిపోతాదంట" అంది. నిజంగానే నాలుగోరోజుకు తగ్గింది. అంత మంచి మనిషి మీద నేను కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను.

అది మొదలైంది సాయంత్రాల్లో. ఆమె భర్త కరెంటు లైన్‌మన్. నాలుగింటికి పావుగంట ముందే స్కూటరు మీద వచ్చి, గేటు బయట సిల్వర్ ఓక్ చెట్టు కింద ఆపి, సీటు మీద పక్కకు తిరిగి కూర్చునేవాడు. మేం బయటికి రాగానే రోజూ ఒకటే అడిగేవాడు.

"ఈ రోజెలాగున్నాది?"

ఆమె అందరి ముందూ ఉన్నదున్నట్టు చెప్పేది. "బాగున్నాది మావా" అనేది ఒకరోజు. "మజ్జాన్నం సచ్చిపోదామనిపించినాది మావా" అనేది ఇంకోరోజు.

"అలాగేటి? సరే, ఎక్కు" అనేవాడు.

ఆమె ఎక్కేది. అంతే. ఓదార్పు లేదు, ఏడుపు లేదు. స్కూటరు మలుపు తిరిగేదాకా నేను గేటు దగ్గరే నిలబడేదాన్ని. తర్వాత స్టేషను దారిలో అద్దెకు తీసుకున్న గదికి నడిచి వెళ్ళి, అన్నం వండుకుని ఒక్కదాన్నే తినేదాన్ని. ఆదివారం ఎస్‌టీడీ బూత్ నుంచి మా ఆయనకు ఫోన్ చేస్తే "ఏం నేర్పించారు?" అనేవాడు. "ఈమెయిలు" అనేదాన్ని. "మా ఆఫీసులో అందరికీ చెప్పానులే, మా ఆవిడ కంప్యూటర్ నేర్చుకుంటోందని" అనేవాడు సంబరంగా. బూత్ అద్దంలో నా ముఖం నాకే నచ్చేది కాదు.

మెల్లగా ఆమెవన్నీ నాకు గిట్టకుండా పోయాయి. ఆమె నవ్వు పెద్దదిగా వినిపించేది. రోజూ మేం నోటుబుక్కులో రాసింది చదివి వినిపించాలి. నా ట్రైనింగు అబద్ధం వాళ్ళిద్దరికీ అలాగే తెలుసు. ఆమె చదువుతున్నప్పుడు నేను దగ్గేదాన్ని. వాళ్ళత్త మా ముగ్గురికీ అడ్డాకులో కట్టి అనాసముక్కలు పంపించేది. మా అత్త బతికుండగా నాకొక పండు ఇచ్చిన గుర్తు లేదు. నా వాటా బ్యాంకాయనకు ఇచ్చేసేదాన్ని. నాలుగో వారంలో డాక్టరమ్మ, "ఆవిడకు మాత్ర లేకుండా నిద్ర వస్తోంది. ఇంట్లో దాపరికం లేకపోవడం వల్ల ఎంత తొందరగా తేరుకున్నారో చూడండి" అంది. మమ్మల్ని ఉత్సాహపరచాలనే అంది. నాకు మాత్రం కడుపులో మంట రేగింది. నేనూ మానాను కదా. నేనూ ఇరవై రోజులు ఒక్క కాప్స్యూలు ముట్టలేదు కదా. చెప్పుకోవడానికి ఎవరూ లేకుండా మానడం ఇంకా గొప్ప కాదా? ఆ ప్రశ్న ఆమెను అడగలేదు, డాక్టరమ్మనూ అడగలేదు. లోపలే మరగబెట్టుకున్నాను.

ఆ శుక్రవారం సంత. మధ్యాహ్నం నుంచి మాకు సెలవిచ్చారు. నేను కందిపప్పు కోసం బజారులో ఒక కోమట్ల కొట్టుకు వెళ్ళాను. కొట్టావిడది మా శృంగవరపుకోట వైపే, కనపడినప్పుడల్లా మాట కలిపేది. వాళ్ళబ్బాయి ఆ టీచరు స్కూల్లోనే పదో తరగతి.

"సైన్సు టీచరుకి టైఫాయిడంటండి, నెల్లాళ్ళయి పాఠాల్లేవు. ఎప్పటికి తగ్గుతుందో ఏటో" అంది పప్పు పొట్లం కడుతూ.

ఆ క్షణాన నేను ఊరుకోవచ్చు. ఊ అని పొట్లం తీసుకుని వచ్చెయ్యవచ్చు.

"టైఫాయిడొచ్చిన మనిషి రోజూ పొద్దున్నే స్కూటరెక్కి తిరుగుతుందా?" అన్నాను. "నిద్రమాత్రల అలవాటు. దానికి మందు తీసుకుంటోంది."

ఆవిడ చేతిలో పురికొస ఆగిపోయింది. "మీకెలా తెలుసండి?"

"మందుల పని చేసేదాన్ని కదా. ఇలాంటివి మాకు తెలుస్తాయి."

ఆ రాత్రి మాత్ర లేకుండా మొదటిసారి హాయిగా నిద్రపోయాను. ఈ వాక్యం రాయడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

మంగళవారం ఆమె ఆలస్యంగా వచ్చింది. చాపమీద కూర్చోలేదు.

"నిన్న హెడ్మాస్టరు మా ఇంటికొచ్చినాడు" అంది. "పదో తరగతి పిల్లల తల్లిదండ్రులు గొడవ సేస్తన్నారంట. మత్తుమందు టీచరు మాకొద్దంటన్నారంట. లాంగ్ లీవు పెట్టుకోమన్నాడు. ఈ మాట బజార్లో కిరాణా కొట్టావిడ కాడ మొదలైనాదంట." అని మమ్మల్నిద్దర్నీ చూసింది. "నా రోగం ఈ గేటు బయట మా ఇంటోళ్ళకే ఎరుక. మావోళ్ళు సెప్పరు. డాక్టరమ్మ సెప్పదు."

బ్యాంకు ఆ కిరాణా కొట్టుకు ఎదురుగానే ఉంటుంది. బ్యాంకాయన రోజూ ఆ కొట్టు అరుగు మీదే టీ తాగుతాడు. ఆమె చూపు ఆయన మీద ఆగింది.

"మీరేనా సార్?"

"అయ్యో, నేను కాదండీ. ఒట్టండీ" అన్నాడాయన. ముఖం పాలిపోయింది. భయపడ్డ మనిషి ముఖం తప్పు చేసిన మనిషి ముఖంలాగే ఉంటుంది. ఆయన నావైపు చూశాడు, నేనైనా ఒక మాట అంటానేమోనని. నేను కూడా టీచరు చూసినట్టే ఆయనవైపు చూశాను.

డాక్టరమ్మ ఏదో సర్దిచెప్పబోయింది. ఆయన వినకుండా లేచి, మేకుకున్న పట్టీ తీసి మెడకు పెట్టుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయాడు. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

శుక్రవారం పొద్దున టీచరు మెరిసే కళ్ళతో వచ్చింది. ముందురోజు వాళ్ళత్త గూడెంలో వాళ్ళను పాతిక మందిని వెంటబెట్టుకుని స్కూలుకు వెళ్ళిందట. హెడ్మాస్టరు గది గుమ్మంలో నిలబడి ముసలామె అన్న మాటల్ని టీచరు ఆమె గొంతుతోనే మాకు చెప్పింది.

"నా కోడలు మందు మింగినాది. ఇప్పుడు మానేత్తంది. అందులో తప్పేటి బాబూ? సారా తాగొచ్చి పాటం సెప్పిన పంతుల్ని మేమెప్పుడైనా ఎల్లిపొమ్మన్నామేటి? మా పిల్లలికి మా టీసరే కావాల."

హెడ్మాస్టరు మెత్తబడ్డాడు. నెల తర్వాత వచ్చి చేరమన్నాడు. చెబుతూ ఆమె నవ్వింది, నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది.

చెడు చేద్దామని అన్న నా మాట ఆమెకు మేలే చేసింది. ఊరు ఊరంతా వచ్చి ఆమె వెనక నిలబడింది. నాకు సిగ్గు కలగవలసింది, భయం కలగవలసింది. ముందు కలిగింది మాత్రం కుళ్ళు. నాకోసం పాతిక మంది కాదు కదా, ఒక్కరు ఏ గుమ్మంలోనైనా నిలబడతారా అని లెక్క వేసుకున్నాను. మా ఆయన పేరు కూడా ధైర్యంగా అనుకోలేకపోయాను.

అదే రోజు మధ్యాహ్నం డాక్టరమ్మ చెప్పింది. బ్యాంకాయన గదికి వెళ్ళిందట. తలుపు తీయలేదట. కిటికీలోంచి మంచం కింద ఖాళీ సీసాలు కనిపించాయట.

ఆ మాటతో నాలో ఏదో తెగింది. టీచరు స్కూటరెక్కి వెళ్ళిపోయాక డాక్టరమ్మ గదిలోకి వెళ్ళి అంతా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. ఆమె కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టింది.

"నాతో చెప్పడం తేలిక. నాకు మీరేమీ చెయ్యలేదు" అంది.

మర్నాడు శనివారం, మాకు సెలవు. వలిసె పూలు విరగబూసిన చేలగట్ల మీంచి ఆమె గూడేనికి నడిచి వెళ్ళాను. ముంగిట్లో ఆమె సామలు చెరుగుతోంది. భర్త స్కూటరు ప్లగ్గు విప్పి తుడుస్తున్నాడు. నన్ను చూసి ఆమె ముఖం విప్పారింది. పీట వెయ్యబోతే వద్దని, నిలబడే చెప్పాను.

"కొట్టావిడతో అన్నది నేను. బ్యాంకాయన కాదు."

చాట ఆగింది. "ఏటి?"

మళ్ళీ చెప్పాను.

"నానేటి సేసేను నీకు?" అంది. గొంతు పెద్దది చెయ్యలేదు. "కాళ్ళు పిసికేను గదా అక్కా."

"నువ్వేమీ చెయ్యలేదు. కుళ్ళు. అంతే."

"నా మీద కుళ్ళేటి? నీది పెద్ద ఉద్యోగం, కొండ కింద ఇల్లు." అని ఆగింది. భర్తవైపు చూసి మళ్ళీ నావైపు చూసింది. "మా మావ మీద మనసైనాదేటి?"

అతను తలెత్తాడు. వెంటనే దించి ప్లగ్గు మరింత గట్టిగా తుడవసాగాడు.

"కాదు" అన్నాను. "సాయంత్రం ఆయన ఎలా ఉందని అడుగుతాడు. నువ్వు చచ్చిపోవాలనిపించిందని కూడా చెప్తావు. అయినా ఎక్కమంటాడు. నన్ను అలా అడిగేవాళ్ళు లేరు."

"అడగరా? నువ్వు సెప్పవా?"

ఎస్‌టీడీ బూత్‌లో 'ఈమెయిలు' అన్న నా గొంతు నాకే వినిపించింది.

"నాను మొదటిసారి సెప్పినప్పుడు ఈయనేటి సేసేడో నీకెరుకా?" అంది. "మాత్రలు పెరట్లోకిసిరీసినాడు. రెండు దినాలు నాతోటి మాటాడలేదు. మా అత్త నన్ను పిచ్చిదన్నాది. నువ్వొచ్చినాక సూసింది స్కూటరొక్కటే."

లోపల్నించి ముసలామె, ఏమీ వినపడనట్టుంది, నాకు గిన్నెతో అంబలి తెచ్చి చేతికిచ్చింది. తాగకపోతే తప్పు, తాగడం ఇంకా తప్పనిపించింది. తాగాను.

"నన్నిప్పుడు క్షమించమని అడక్కు. నా వల్ల కాదు" అంది టీచరు నేను గిన్నె దించాక. "ముందు ఆ బ్యాంకు సార్ని తీసుకురా. నా నోటితోటే అన్నాను ఆయన్ని."

సోమవారం బ్యాంకు తెరవగానే వెళ్ళాను. ఆయన కౌంటర్లో ఉన్నాడు, వెనక నలుగురు రైతులు నిలబడి ఉన్నారు. "సార్, ఆ మాట అన్నది నేనండీ" అన్నాను. ఆయన కళ్ళు నా భుజం మీంచి ఆ రైతులవైపు పరిగెత్తాయి. "ఇక్కడొద్దండీ, ప్లీజండీ" అన్నాడు. రెండోసారి కూడా ఒకరి గుట్టు బయటపెట్టబోయానని అప్పుడు తెలిసింది. పదినిమిషాలకు వెనక గుమ్మంలోకి వచ్చాడు. ఒంట్లోంచి దగ్గు మందు తీపివాసన వస్తోంది.

"మీరు అన్నందుకు కాదండీ. ఆవిడ నన్ను అనుమానించినందుకూ కాదండీ" అన్నాడు. "నెల్లాళ్ళు పక్కన కూర్చున్నాం. 'ఈయన అలాంటి మనిషి కాదు' అని ఒక్కరూ అనలేదండీ. మళ్ళీ అక్కడికొచ్చి ఎలా కూర్చోమంటారు?"

టీచరూ ఆమె భర్తా కూడా వెళ్ళి అడిగారు. డాక్టరమ్మ ఇంకో రెండుసార్లు వెళ్ళింది. ఆయన రాలేదు. ఎండాకాలంలో కిందికి ట్రాన్స్‌ఫరైందని విన్నాను. తర్వాత మానాడో, ఇంకా తాగుతున్నాడో నాకు తెలియదు. తెలుసుకునే దారులున్నాయి. వెళ్ళే ధైర్యం నాకు లేకపోయింది.

ఆరు వారాలు ముగిశాక పాడేరు బస్సు ఎక్కకుండా విజయనగరం వెళ్ళాను. మా ఆయన గడ్డం గీసుకుంటున్నాడు. గుమ్మంలోనే నిలబడి, కంప్యూటర్ ట్రైనింగు లేదని మొదలుపెట్టి, పన్నెండు కాప్స్యూళ్ళ దగ్గర్నుంచి కిరాణా కొట్టు దాకా చెప్పాను. నురగ ముఖం మీదే ఎండిపోయింది.

"మరి మా ఆఫీసులో అందరికీ చెప్పేశానే" అన్నాడు.

అంత చెబితే ఆయనకు పట్టింది అదొక్కటేనా అని ఆ రోజు గుండె రగిలిపోయింది. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది. పాపం, ఏదో ఒకటి అనాలి కదా. నేను ఆసుపత్రికి తిరిగొచ్చాక మూడు శనివారాలు ఆయన కొండెక్కలేదు. నాలుగో శనివారం వచ్చాడు. ఆదివారమంతా పేపరు చదువుకున్నాడు. సోమవారం పొద్దున బ్యాగు భుజాన వేసుకుని చెప్పుల్లో కాళ్ళు పెడుతూ అడిగాడు.

"ఇప్పుడెన్ని?"

"ఒక్కటీ లేదు."

"నిజమా?"

"నిజం."

అప్పటినుంచి ప్రతి సోమవారం అడిగేవాడు. మూడేళ్ళ తర్వాత ఒక సోమవారం "మూడు" అని చెప్పాను. బ్యాగు దించి, చెప్పులు విప్పి, ఆ వారమంతా సెలవు పెట్టి నాతోనే ఉండిపోయాడు. ఒక్క మాట అనలేదు, వంట తనే చేస్తానని రోజూ చారు తగలబెట్టాడు. ఆ వారం నాకు ఎవరి మీదా ఈర్ష్య కలగలేదు.

టీచరు నన్ను క్షమించానని ఎప్పుడూ అనలేదు. అరకు వెళ్ళినప్పుడు డాక్టరమ్మ దగ్గర రెండు మూడుసార్లు కలిశాం. బాగున్నావా అక్కా అనేది, బాగున్నానని చెప్పేలోపు ఇంకో పని చూసుకునేది. కొన్నేళ్ళకు ఆమె హెడ్మిస్ట్రెస్ అయిందని విన్నప్పుడు, సంతోషించానని అందరితో చెప్పాను. సంతోషం వచ్చింది కానీ, దాని వెనకే పాత మంటా వచ్చింది. అది పూర్తిగా చల్లారుతుందని నేనిప్పుడు అనుకోవడం లేదు. వచ్చినప్పుడు గుర్తుపట్టగలను, నోరు మూసుకోగలను. అంతవరకే నేర్చుకున్నాను.

చివరిసారి ఆమెను పాడేరు బస్టాండులో చూశాను. పక్కన పొడుగ్గా ఎదిగిన కూతురు, పాలిటెక్నిక్ చదువుతోందట. ఆ అమ్మాయి తల్లి భుజం మీద చెయ్యి వేసి నిలబడిన తీరు చూస్తే నాకు చురుక్కుమంది.

"ఎవరమ్మా?" అంది అమ్మాయి నన్ను చూసి.

టీచరు ఒక్క క్షణం ఆలోచించింది.

"నానూ ఈ అక్కా ఒకే ట్రైనింగులో ఉండేవోళ్ళం" అంది.

అంతలో వాళ్ళ బస్సు వచ్చింది. జనం ఒక్కసారిగా తోసుకున్నారు. వాళ్ళకు సీటు దొరికిందో లేదోనని నేను బస్సు పక్కనే కిటికీలు చూసుకుంటూ కొంతదూరం నడిచాను.